ఆంధ్రవిశ్వకళాపరిషత్తు : పేరు, ఊరు, భాష

సంస్కృతవాఙ్మయంలో ‘కులపతి’ శబ్దానికి ఒక నియతమైన అర్థం కలదు. పదివేలమంది శిష్యులకు అన్నం పెట్టి చదువు చెప్పే మహర్షిని కులపతి అన్నారు. భారతారంభంలో నైమిశారణ్యవాసి శౌనకుడు కులపతి. శాకుంతలంలో కణ్వుడు కులపతి. ఇరువదవ శతాబ్దిలో తెలుగువారు తమకొక విశ్వవిద్యాలయం కావలెనని కోరి సాధించుకొన్నప్పుడు, ఆ సంస్థకూ అందలి పదవులకూ పట్టాలకూ పేర్లు పెట్టుకొనే పని వచ్చినది. సంస్థకు ‘ఆంధ్రవిశ్వకళాపరిషత్తు’ అని పేరు. వైస్ ఛాన్సలరును ఆనాటి తెలుగు రచనలలో ‘ఉపాధ్యక్షులు’ అని వ్యవహరించినారు. ‘ఉపకులపతి’ అనే వాడుక తరువాత బలపడినది. గౌరవపట్టానికి ‘కళాప్రపూర్ణ’ అనియు, ప్రాచ్యవిద్యాపరీక్షలకు ‘భాషాప్రవీణ’, ‘విద్యాప్రవీణ’, ‘ఉభయభాషాప్రవీణ’ అనియు పేర్లు ఏర్పడినవి.

ఒక విద్యాసంస్థ తన పేరులో ఒక జాతి పేరును, తన పట్టాలలో ఒక భాష నుడికారాన్ని ధరించుట చిన్న విషయం కాదు. అయితే పేరు వేరు, బోధన వేరు. భాష పేరున పుట్టిన ఈ సంస్థ ఆ భాషతో ఎట్టి సంబంధం నెరపినదో, ఆ సంబంధంలో ప్రాచ్యకళాశాలల స్థానమేమో పరిశీలించుట ఈ వ్యాసానికి విషయం.

కోరిక

1857లో ఏర్పడిన మద్రాసు విశ్వవిద్యాలయం దక్షిణదేశానికంతటికీ పరీక్షలు జరిపెడిది. గంజాము నుండి చిత్తూరు వరకు గల తెలుగు జిల్లాల విద్యార్థులు దాని పరిధిలోని వారే. కళాశాలలు తెలుగునాట ఉన్నను పాఠ్యప్రణాళిక, పరీక్షలు, పట్టాలు అన్నియు చెన్నపట్టణం నుండి రావలసినవే. 1913లో బాపట్లలో తొలి ఆంధ్రమహాసభ జరిగినది. ప్రత్యేకరాష్ట్రపు కోరికతోపాటు ప్రత్యేకవిశ్వవిద్యాలయపు కోరిక కూడ ఆ ఉద్యమకాలంలోనే పెరిగినది. 1916లో మైసూరు, 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయాలు వెలసినవి. ఇరుగుపొరుగున సంస్థానాలు సాధించుకొన్నది బ్రిటిషు పాలనలోని తెలుగువారికి లేకపోవుట కొరతగా తోచుట సహజం.

మద్రాసు రాష్ట్రంలో విద్యాశాఖామాత్యులుగా ఉన్న సర్ ఎ.పి. పాత్రో కాలంలో ఆంధ్రవిశ్వవిద్యాలయపు బిల్లు శాసనసభకు వచ్చినది. చట్టం 1926లో అమలులోనికి వచ్చినది. ఆ సంవత్సరం ఏప్రిల్ 26వ తేదీని విశ్వవిద్యాలయం తన స్థాపనదినంగా పాటించుచున్నది. ప్రథమ ఉపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డి. ఆయన కేవలం విద్యాపాలకులు కారు. ‘ముసలమ్మ మరణం’ అనే కావ్యం రచించిన కవి; ‘కవిత్వతత్త్వవిచారము’ ద్వారా తెలుగు సాహిత్యవిమర్శకు కొత్త దారి చూపిన విమర్శకుడు. భాష పేరున ఏర్పడిన విశ్వవిద్యాలయానికి భాషాసాహిత్యాల మర్మమెరిగినవాడు తొలి సారథి కావడం శుభారంభమే. చిత్రకారులు కౌతా రామమోహనశాస్త్రి రూపకల్పన చేసిన చిహ్నంలో ఉదయించు సూర్యుడు, పద్మం, స్వస్తికం కనిపించును. ధ్యేయవాక్యం తైత్తిరీయోపనిషత్తు శాంతిమంత్రం నుండి గ్రహింపబడినది. గురుశిష్యులిద్దరి అధ్యయనమును తేజోవంతం కావలెనని దాని ఆశయం. గురువుకు వేరుగా, శిష్యునికి వేరుగా అడుగలేదు. ఆ ద్వివచనమే ఆ మంత్రం విశేషం.

ఊరు

విశ్వవిద్యాలయం మొదట బెజవాడలో ఉండినది. అప్పటికి దానికి సొంత బోధనశాఖలు లేవు. కళాశాలలను అనుబంధించుకొని పరీక్షలు జరుపుటయే పని. శాశ్వతస్థానం ఎక్కడ అన్న ప్రశ్న పుట్టగానే తెలుగుప్రాంతాల మధ్య వాదం చెలరేగినది. బెజవాడకు మధ్యస్థత బలం. అనంతపురానికి దత్తమండలాల న్యాయమైన ఆకాంక్ష బలం. విశాఖపట్టణానికి సముద్రతీరం, విశాలమైన మెట్టభూమి, ఉత్తరజిల్లాల సంస్థానాధీశుల ఆదరం బలాలు. తుదకు విశాఖపట్టణానికి చేర్చిన వాల్తేరు నిర్ణయమైనది. 1930లో కార్యాలయం అక్కడికి తరలినది.

ఈ నిర్ణయానికి ఒక మూల్యం చెల్లింపవలసి వచ్చినది. దత్తమండలాలు ఆంధ్రవిశ్వవిద్యాలయ పరిధి నుండి వైదొలగి తిరిగి మద్రాసు విశ్వవిద్యాలయం కిందికి పోయినవి. ఆంధ్రుల ఐక్యతకు గుర్తుగా కోరుకొన్న సంస్థయే తొలి దశకంలోనే ఆంధ్రుల మధ్య ఎడమునకు ఒక కారణమైనది. ఆ గాయం ఎంత లోతైనదో 1937 నవంబరు 16న చెన్నపట్టణంలో కాశీనాథుని నాగేశ్వరరావుగారి గృహంలో కుదిరిన శ్రీబాగ్ ఒడంబడిక చెప్పును. కోస్తా, రాయలసీమ నాయకుల నడుమ కుదిరిన ఆ ఒడంబడికలో నీటి పంపకానికీ, రాజధానికీ పక్కన విశ్వవిద్యాలయపు ప్రసక్తి కూడ కలదు. వాల్తేరుతోపాటు అనంతపురంలోను విశ్వవిద్యాలయకేంద్రం ఉండవలెనని అందు అంగీకరించినారు. రాయలసీమకు సొంత విశ్వవిద్యాలయం 1954లో తిరుపతిలో శ్రీవేంకటేశ్వరుని పేర ఏర్పడువరకు ఆ కొరత తీరలేదు. విద్యాలయస్థానం భూగోళవిషయం మాత్రమే కాదనుటకు ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

వాల్తేరు మెట్ట

ఉప్పుసత్యాగ్రహకాలంలో ప్రభుత్వ దమననీతికి నిరసనగా రామలింగారెడ్డి పదవిని త్యజించినారు. 1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్ ఉపాధ్యక్షులైనారు. ఆ సంవత్సరమే వాల్తేరులో విశ్వవిద్యాలయకళాశాల బోధన ఆరంభించినది. పరీక్షలు జరిపే కార్యాలయం చదువు చెప్పే నిలయంగా మారినది. అప్పటినుండియే దీనికి ఆవరణజీవితం అనునది ఏర్పడినది.

రాధాకృష్ణన్ అధ్యాపకుల ఎంపికలో ప్రాంతపరిమితిని పాటించలేదు. వంగదేశం నుండి హుమాయూన్ కబీరు, హీరేంద్రనాథ ముఖర్జీ వచ్చి ఇచట బోధించినారు. అర్థశాస్త్రంలో వి.కె.ఆర్.వి. రావు, భౌతికశాస్త్రంలో సూరి భగవంతం, రసాయనశాస్త్రంలో టి.ఆర్. శేషాద్రి పనిచేసినారు. పువ్వులలో, ఆకులలో ఉండే వర్ణద్రవ్యాల నిర్మాణాన్ని శేషాద్రి పరిశోధించినారు. రామన్ ఫలితాన్ని, స్ఫటికాల సౌష్ఠవాన్ని భగవంతం అధ్యయనం చేసినారు. 1933లో రవీంద్రనాథ ఠాకూరు ఇక్కడకు వచ్చి మానవుని గూర్చి ఉపన్యసించినారు. ఆ ఉపన్యాసాలు 1937లో గ్రంథరూపం పొందినవి. అనంతరకాలంలో స్వామి జ్ఞానానంద ఇక్కడ కేంద్రకభౌతికశాస్త్రానికి ప్రయోగశాల నిర్మించినారు. కాషాయధారి అణువును శోధించిన ఆ దృశ్యాన్ని విద్యార్థులు వింతగా గాక సహజంగా స్వీకరించినారు. సంఖ్యాశాస్త్రంలో జగద్విఖ్యాతుడైన సి.ఆర్. రావు ఇచట గణితం చదివిన విద్యార్థి.

ఇంతటి విజ్ఞానశాలకు ధనమెక్కడిది? జయపురం మహారాజు విక్రమదేవవర్మ ఏటేటా లక్షరూపాయలు శాశ్వతంగా ఇచ్చుటకు పూనుకొన్నారు. ఆనాటి లక్ష ఎంత పెద్ద మొత్తమో ఊహింపవలసినదే. విజ్ఞాన, సాంకేతిక కళాశాలకు ఆయన పేరు పెట్టినారు. ఇందొక విశేషం గమనింపదగినది. విక్రమదేవవర్మ స్వయంగా తెలుగు, ఉత్కళభాషలలో పండితులు. కావ్యగోష్ఠిలో పెరిగిన ప్రభువు ఇచ్చిన ధనంతో రసాయనశాల, యంత్రశాల వెలసినవి. కవులను పోషించిన సంస్థానాల సంప్రదాయం కొత్తకాలంలో కొత్తరూపం ధరించినది.

1931లోనే తెలుగుశాఖ ఏర్పడినది. పింగళి–కాటూరి జంటలోని పింగళి లక్ష్మీకాంతం అందు తొలి ఆచార్యస్థానం వహించినారు. గంటి జోగిసోమయాజి ‘ఆంధ్రభాషావికాసము’ ద్వారా తెలుగుభాషాచరిత్రను శాస్త్రబద్ధంగా వివరించినారు. ఈ శాఖలో చదివినవారిలో భద్రిరాజు కృష్ణమూర్తి ద్రావిడభాషాశాస్త్రంలో ప్రామాణికులైనారు. తూమాటి దోణప్ప ఆంధ్రసంస్థానాల సాహిత్యపోషణను పరిశోధించి, 1985లో ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయానికి తొలి ఉపకులపతి అయినారు.

గ్రంథాలయం ఈ ఆవరణకు గుండెకాయ. దానిని పెంచినవారు కవి, నాటకప్రియులు అబ్బూరి రామకృష్ణారావు. పుస్తకాలను వరుసలో పెట్టుటతో ఆయన తృప్తిపడలేదు. ఏ విద్యార్థి ఏమి చదువుచున్నాడో కనిపెట్టి, ఇంకేమి చదువవలెనో చెప్పగల గ్రంథాలయాధికారి ఆయన. 1935లో ఇచట గ్రంథాలయశాస్త్రబోధన కూడ ఆరంభమైనది. రిజిస్ట్రారు కూర్మా వేణుగోపాలస్వామి నాటకరంగానికి చేసిన సేవ ఇట్టిదే. పరిపాలనాధికారి దస్త్రాలు పక్కనపెట్టి విద్యార్థులచేత నాటకాలాడించినారు. కళాశాలల నడుమ నాటకపోటీలు నిర్వహించినారు. ఆరుబయట రంగస్థలం, సముద్రపుగాలి, మెట్లమీద ప్రేక్షకులు – తెలుగునాట ఎందరో నటులకు, రచయితలకు తొలి పరీక్ష జరిగినది అక్కడనే.

గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల నుండి వచ్చే విద్యార్థి హౌరా మార్గంలోని రైలు దిగి, ఎర్రమన్ను మెట్టలెక్కి, వసతిగృహం చేరేవాడు. కాలువగట్ల పచ్చదనం చూచిన కంటికి కొండలు, సముద్రం ఒక్కచోట కనిపించుట అపూర్వానుభవం. ఇంటివద్ద కులపంక్తులు, ఇక్కడ ఒకే భోజనశాల. ఇంటివద్ద జిల్లా యాస, ఇక్కడ పది జిల్లాల యాసలు. శ్రీకాకుళంవాని మాటకు గుంటూరువాడు నవ్వుటయు, తరువాత ఆ మాటనే తానును పలుకుటయు ఈ ఆవరణలో జరిగిన భాషాసమన్వయం. దానిని ఏ పాఠ్యప్రణాళికయు నిర్దేశింపలేదు.

ప్రవాసం

1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్టణంపై బాంబులు వేసినవి. ప్రజలు ఊరు విడిచి పల్లెలకు తరలినారు. వాల్తేరు భవనాలు సైనికావసరాలకు పోయినవి. విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలినది. పదేళ్ల శ్రమతో కూర్చిన ప్రయోగశాలలను విప్పి, మూటగట్టి, వేరొకచోట పరచుకొనుట ఎంత కష్టమో చెప్పనక్కరలేదు. పరికరాలు అరకొరగా ఉన్నను పరిశోధన ఆగలేదు. 1936లో రాధాకృష్ణన్ ఆక్స్‌ఫర్డుకు వెళ్లిన పిమ్మట తిరిగి ఉపాధ్యక్షులైన రామలింగారెడ్డియే ఈ కష్టకాలంలో సంస్థను నడపినారు. యుద్ధం ముగిసిన పిదప 1946లో విశ్వవిద్యాలయం వాల్తేరు చేరినది. ఇది తనకు అక్కరలేదన్న ఊరు ఇదివరలో లేదు. ఉండనిచ్చిన ఊరు ఆపత్కాలంలో గుంటూరు. గుంటూరుకు ఆ ఋణం కొంత తీరినది. 1967లో అచట స్నాతకోత్తరకేంద్రం ఏర్పడి, 1976లో నాగార్జున విశ్వవిద్యాలయమైనది.

భాష

ఇక అసలు ప్రశ్న. తెలుగువారి కొరకు పుట్టిన విశ్వవిద్యాలయంలో తెలుగున బోధన జరిగినదా? తెలుగుశాఖను మినహాయించిన జరుగలేదు. చరిత్ర, అర్థశాస్త్రం, విజ్ఞానశాస్త్రాలు అన్నియు ఆంగ్లంలోనే నడచినవి. ఇదే కాలంలో హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం పుట్టుకనుండియే ఉర్దూలో బోధించినది. అందుకై అనువాదశాఖను నెలకొల్పి, వైద్యం వరకు పాఠ్యగ్రంథాలు సిద్ధం చేసినది. దేశభాషలో ఉన్నతవిద్య సాధ్యమేయని అది నిరూపించినది. అయితే అక్కడి అధికసంఖ్యాకులలో పలువురి మాతృభాష తెలుగు. వారికి ఉర్దూ కూడ నేర్చుకొనవలసిన భాషయే. దేశభాషలో చెప్పిన చోట అది తెలుగు కాలేదు. తెలుగుపేరు పెట్టిన చోట అది దేశభాష కాలేదు. ఇరువదవ శతాబ్ది పూర్వార్ధంలో తెలుగు విద్యార్థి స్థితి ఇది.

ఈ సందర్భంలోనే ప్రాచ్యకళాశాలల ప్రాముఖ్యం గుర్తింపదగినది. విజయనగరం మహారాజావారి సంస్కృతకళాశాల, కొవ్వూరు ఆంధ్రగీర్వాణవిద్యాపీఠం, చిట్టిగూడూరు నరసింహసంస్కృతకళాశాల మొదలైనవి విద్యార్థులను ఆంధ్రవిశ్వవిద్యాలయపు ప్రవీణ పరీక్షలకు పంపినవి. ప్రిలిమినరీ, ఫైనలు అనే మెట్లలో బాలప్రౌఢవ్యాకరణాలు, ఛందోలంకారాలు, ప్రబంధాలు, సంస్కృతకావ్యాలు పాఠ్యాలు. బోధన, చర్చ, పరీక్ష – మూడును దేశభాషలోనే. విశ్వవిద్యాలయం జరిపిన పరీక్షలలో అభ్యర్థి ఆంగ్లం రాకున్నను కడవరకు పోగలిగిన దారి ముఖ్యంగా ఇదే. వాల్తేరు తరగతిగదులలో చోటు దొరకని తెలుగుమాధ్యమం, వాల్తేరుకు దూరాన పూరిపాకలలో, సత్రపు అరుగులపై, దేవాలయప్రాంగణాలలో జీవించినది. విశ్వవిద్యాలయపు ముద్ర మాత్రం దానిపై పడినది.

ఈ దారి ఎవరికి తెరచుకొన్నదో కూడ చూడవలెను. పరంపరగా శాస్త్రాధ్యయనం కుటుంబంలో లేనివారికి గురుకులద్వారం సులభంగా తెరచుకొనలేదు. పరీక్ష అట్లు కాదు. అది పేరు, రుసుము, సమాధానపత్రం మాత్రమే అడుగును. గుఱ్ఱం జాషువా అవమానాలనోర్చి చదువుకొని, ఉభయభాషాప్రవీణుడై, తెలుగుపండితుడుగా బతుకు గడిపినారు. తరువాత ఆ విశ్వవిద్యాలయమే ఆయనను కళాప్రపూర్ణునిగా గౌరవించినది. ఒకే జీవితంలో ఆ సంస్థ పట్టాల మొదటిమెట్టు, చివరిమెట్టు రెండును కనిపించుచున్నవి.

వాడుకభాషావాదంలో కూడ విశ్వవిద్యాలయం ఒక కొలమానమైనది. గ్రాంథికవాదుల ప్రాబల్యం విద్యారంగంలో బలంగా ఉన్న దినాలవి. జీవితమంతా శిష్టవ్యావహారికం కొరకు పోరాడిన గిడుగు రామమూర్తికి 1938లో కళాప్రపూర్ణ బిరుదమిచ్చినది. అవధానవిద్యకు, పద్యసంప్రదాయానికి పతాకమెత్తిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రినీ అట్లే సత్కరించినది. భాషావివాదంలో ఏ పక్షానికీ కట్టుబడక, ఉభయులలోని విద్వత్తును గౌరవించుట పరిషత్తు అనే పేరుకు తగిన పని.

స్వాతంత్ర్యానంతరం స్థితి కొంత మారినది. 1966లో అధికారభాషాచట్టం, 1968లో తెలుగు అకాడమి ఏర్పడిన పిదప డిగ్రీ తరగతులలో తెలుగుమాధ్యమం వ్యాపించినది. విశ్వవిద్యాలయం తన భాషాఋణాన్ని తీర్చుకొన్న గొప్ప పని ‘తెలుగు వ్యుత్పత్తికోశం’. లకంసాని చక్రధరరావు సంపాదకత్వాన 1978 నుండి వెలువడిన ఈ కోశం ఎనిమిది సంపుటాలు. తత్సమ, తద్భవ, దేశ్య, అన్యదేశ్యాలు ఏవి ఏ మూలం నుండి వచ్చినవో మాటమాటకు చూపిన ఈ గ్రంథం వ్యాకరణవిద్యార్థికి నిత్యోపయోగి. ఒక విశ్వవిద్యాలయం భాషకు చేయగల సేవ ఉత్సవాలతో కాదు, ఇట్టి ఓపికగల పనితోనే నిలుచును.

ఆవరణ, లోకం

విద్యార్థిజీవితం పుస్తకాలకే పరిమితం కాలేదు. 1966లో విశాఖపట్టణంలో ఉక్కుకర్మాగారం కొరకు జరిగిన ఉద్యమంలో విశ్వవిద్యాలయ విద్యార్థులు ముందు నిలిచినారు. ఆ సంవత్సరం నవంబరు 1న జరిగిన కాల్పులలో ప్రాణనష్టం జరిగినది. తమ ఊరి పరిశ్రమ తమ భవిష్యత్తుకు సంబంధించిన విషయమని ఆ తరం భావించినది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖతీరాన్ని తాకినప్పుడు ఆవరణలోని మహావృక్షాలు వేలాదిగా నేలకొరిగినవి. పైకప్పులు, కిటికీలు ఎగిరిపోయినవి. నీడనిచ్చిన చెట్లు పోయిన ఆవరణను చూచి, అక్కడ చదివి ఏనాడో వెళ్లినవారు సైతం ఆర్తి చెందినారు. చెట్టు నాటినవాడు దాని నీడలో కూర్చుండడు. విశ్వవిద్యాలయస్థాపకుల స్థితి కూడ అట్టిదే.

పరిధి కాలక్రమాన తగ్గినది. శ్రీవేంకటేశ్వర, నాగార్జున విశ్వవిద్యాలయాల తరువాత 2006లో రాజమహేంద్రవరాన ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం, 2008లో శ్రీకాకుళంలో అంబేద్కరు విశ్వవిద్యాలయం ఏర్పడినవి. ఒకనాడు తెలుగు జిల్లాలకన్నిటికీ ఒక్కటైన పరిషత్తు అనేక సంస్థలకు తల్లి అయినది. కొత్త సంస్థల వలన దూరప్రాంత విద్యార్థికి వాల్తేరు ప్రయాణం తప్పినది, ఇది మేలు. పది జిల్లాల యాసలు ఒక భోజనశాలలో కలసికొనే అవకాశం తగ్గినది, ఇది నష్టం. రెండును లెక్కలో వేయవలెను.

ముగింపు

1926 నుండి నూరేండ్ల కాలాన్ని సమీక్షించినప్పుడు ఒక అంశం స్పష్టపడును. భాష పేరున విశ్వవిద్యాలయం కోరినవారు భవనం, చట్టం, పట్టా సాధించినారు. అయితే భాషలో శాస్త్రం చెప్పే శ్రమ చాలవరకు పండితకళాశాలలకు, తరువాత వచ్చిన సంస్థలకు మిగిలినది. నేడు ఆ ప్రాచ్యకళాశాలలలో పెక్కింటికి విద్యార్థులు కరవు, అధ్యాపకులు కరవు. కొన్నిచోట్ల పేరు మాత్రమే మిగిలినది. వ్యాకరణం చదివినవానికి ఉద్యోగమేది అని ప్రశ్నించేవారికి ఒక్క సమాధానం కలదు. వ్యుత్పత్తికోశం వంటి గ్రంథాన్ని రేపు సవరించి పెంచవలెనన్నచో, తాళపత్రాన్ని చదివి పాఠం నిర్ణయింపవలెనన్నచో, కావలసినది ఆ వ్యాకరణం చదివినవాడే. అతడు లేనినాడు యంత్రం ఉండియు ప్రయోజనం లేదు.

విశ్వకళాపరిషత్తుకు, ప్రాచ్యకళాశాలకు నడుమ ఉండినది ముద్రసంబంధం మాత్రమే కాదు. ఒకటి విద్యకు గుర్తింపునిచ్చినది, రెండవది ఆ గుర్తింపులోని భాషకు ప్రాణమిచ్చినది. శాంతిమంత్రంలోని ద్వివచనం గురుశిష్యులకే గాక ఈ రెండింటికిని వర్తించును. రెండును కలసి తేజోవంతం కావలెను. ఒకటి మాత్రమే మిగిలిన, ఆ కోరిక సగమే తీరినట్లగును.